రవెన్నాలో నాలుగు రోజులు, అమ్మతో

మొదటి రోజు

"మొజాయిక్ అంటే మన పాత ఇంట్లో వేయించిన గచ్చేగా, దాన్ని చూడ్డానికి రైలెక్కి వెళ్ళాలా?" అని అమ్మ అడిగింది. గుంటూరులో మా ఇంటి హాల్లో తెల్ల సిమెంటులో నల్లవి, ఎర్రవి రాతి చిప్స్ కలిపి మెషిన్‌తో పాలిష్ పట్టిన నేల ఉండేది, 80ల్లో కట్టిన ఇళ్ళల్లో చాలావాటిలో అదే, కాబట్టి ఆ మాట వినగానే ఆవిడకి అదే గుర్తురావడంలో వింతేమీ లేదు. అది నేల, ఇది గోడ, అది రాయి, ఇది గాజు, బంగారు ముక్కలు అద్ది చేసిన బొమ్మలు అని ఏదో చెప్పాను గానీ, నా మాటలు నాకే చాలినట్టు అనిపించలేదు. చూస్తే తెలుస్తుందిలే అమ్మా అని ఊరుకున్నాను.

నేను ఇటలీలో బొలోన్యా అనే ఊళ్ళో ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. రవెన్నా ఇక్కణ్ణుంచి రైల్లో గంటా పదిహేను, గంటన్నర దూరం. చేరిన కొత్తలో ఒక శనివారం ఒక్కదాన్నే వెళ్ళి, ఆరు గంటల్లో ఐదు చోట్లు తిరిగి, మూడు వందల ఫొటోలు తీసుకుని రాత్రికి వచ్చేశాను. వారం తర్వాత ఫొటోలు తిరగేస్తుంటే ఏది ఏ చర్చిలోదో ఒక్కటీ గుర్తురాలేదు. ఆ బాధ లోపల అలాగే ఉండిపోయింది. అందుకని ఈసారి అమ్మ వచ్చినప్పుడు మూడు రాత్రులకి గది తీసుకున్నాను. ఇది ఎవరైనా వెళ్ళాలనుకునేవాళ్ళకి ముందే చెప్తున్నాను, రవెన్నాని ఒక్క రోజులో చూడొద్దు, కనీసం ఒక్క రాత్రైనా ఉండండి.

మార్చి రెండో వారం. స్టేషన్‌కి వెళ్ళేసరికి సమ్మె, మా రైలు రద్దు, తర్వాతది వస్తుందో రాదో చెప్పేవాళ్ళు లేరు. అమ్మ మోకాళ్ళ సంగతి తలుచుకుని నాకు టెన్షన్, ఆవిడ మాత్రం బెంచీ మీద కూర్చుని సంచిలోంచి చపాతీలు తీసి, "ముందు తిను" అంది. రెండున్నర గంటలకి ఒక రైలు కదిలింది. దారంతా చదును నేల, కాలవలు, పళ్ళ తోటలు. ఈ నేల ఒకప్పుడు బురద, చిత్తడి. ఆ చిత్తడి వల్లే ఈ ఊరికి చరిత్ర దక్కింది, ఎందుకంటే ఉత్తరం నుంచి వచ్చే సైన్యాలకి భయపడి హొనోరియస్ చక్రవర్తి 402లో పడమటి రోమన్ సామ్రాజ్య రాజధానిని మిలాన్ నుంచి ఇక్కడికి మార్చాడు, చుట్టూ నీళ్ళు, బురద, పక్కనే ఓడరేవు, శత్రువు లోపలికి రావడం కష్టం. ఆ తర్వాత గోతులు అనే జర్మానిక్ తెగవాళ్ళు ఏలారు, 540లో తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ సేనాని బెలిసారియస్ పట్టుకున్నాక ఆ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్ చేతికి వెళ్ళింది. 150 ఏళ్ళలో ముగ్గురి చేతులు మారిన ఊరు, వచ్చిన ప్రతివాళ్ళూ గోడల మీద గాజుముక్కలతో తమ మాట చెప్పి వెళ్ళారు.

గదికి చేరేసరికి చీకటి పడింది, ఆ రోజు అంతే.

రెండో రోజు

పొద్దున్నే సాన్ వితాలె చర్చి. బయటనుంచి చూస్తే ఇటుక కట్టడం, ఎనిమిది మూలలు, పూతా లేదు శిల్పాలూ లేవు, ఏదో పాత గోడౌన్‌లా ఉందని అమ్మ అంది. ఆ కాలపు కట్టడాలు చాలావరకు ఇక్కడ ఇంతే, బయట మట్టి రంగు, లోపల వెలుగు. 526 ప్రాంతంలో బిషప్ ఎక్లేసియస్ హయాంలో, అంటే ఇంకా గోతుల పాలన ఉండగానే మొదలుపెట్టి, పాలన మారిపోయాక 547లో బిషప్ మాక్సిమియాన్ ప్రతిష్ఠ చేశాడు. డబ్బు పెట్టింది జూలియానుస్ అర్జెంతారియుస్ అనే వడ్డీ వ్యాపారి, మొత్తం 26,000 బంగారు నాణేలు.

లోపలికి అడుగుపెట్టగానే తల పైకెత్తకండి, ఇది నా సలహా. గోపురం లోపలి వైపు 18వ శతాబ్దంలో వేసిన రంగుల బొమ్మలున్నాయి, గులాబీ మేఘాలు, దేవదూతలు, అవి ఈ చర్చికి అతకవు. నేరుగా బలిపీఠం ఉన్న వైపు నడవండి. అక్కడ నేల తప్ప ఖాళీ జాగా లేదు, గోడ, వంపు, కప్పు అంతా ఆకుపచ్చ, నీలం, బంగారం.

నేను గైడు పుస్తకం తెరవబోతుంటే అమ్మ ఎడమ గోడ వైపు చెయ్యి చూపించి, "అబ్రాహాము కదే" అంది. బల్ల ముందు తెల్లబట్టల్లో ముగ్గురు కూర్చున్నారు, ఒక ముసలాయన దూడమాంసం పళ్ళెంతో వంగి వడ్డిస్తున్నాడు, వెనక చెట్టు. "మమ్రే సింధూరవనం, ముగ్గురు మనుషులు వచ్చారు, అదిగో గుడారం తలుపు దగ్గర శారా నవ్వాపుకుంటూ నిలబడింది చూడు" అంది. అదే బొమ్మలో కుడి పక్కన ఇస్సాకుని బలివ్వబోతున్న అబ్రాహాము, పైనుంచి మేఘంలోంచి ఒక చెయ్యి. ఎదురు గోడ మీద గొర్రెపిల్లని ఎత్తుకున్న హేబెలు, రొట్టె పట్టుకున్న మెల్కీసెదెకు. పైన చెప్పులు విప్పుతున్న మోషే, ఆ కొండంతా చిన్నచిన్న మంటలు. అమ్మ ముప్ఫై ఏళ్ళు గుంటూరు లూథరన్ చర్చిలో సండేస్కూలు పిల్లలకి పాఠాలు చెప్పింది, ఇటాలియన్ రాదు, లాటిన్ రాదు, ఒక్క బోర్డు చదవకుండా గోడంతా చదివేసింది. పోయినసారి నేను ఇదే గోడని పుస్తకంలో నంబర్లు వెతుక్కుంటూ చూశాను. 1,500 ఏళ్ళ కిందట అక్షరం రాని రైతు ఈ చర్చిలోకి వచ్చి ఎలా చూసి ఉంటాడో నాకు ఆ పూట అర్థమైంది.

అమ్మకి తెలియనివి ఆ ఇద్దరే, జస్టీనియన్, థియోడోరా. ఎదురెదురు గోడల మీద రాజు, రాణి, వాళ్ళ పరివారం. రాజు చేతిలో బంగారు పళ్ళెం, రాణి చేతిలో రత్నాలు పొదిగిన గిన్నె, ప్రభువు బల్లకి కానుకలు తెస్తున్నట్టు. చిత్రమేమిటంటే ఇద్దరూ రవెన్నాలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. గోడ మీదే ఉన్నారు, రోజూ ఆరాధనలో నిలబడ్డారు. జస్టీనియన్ పక్కనున్న బక్కపల్చని బట్టతలాయన నెత్తి మీద మాత్రం పేరు రాసి ఉంది, మాక్సిమియానుస్ అని, ప్రతిష్ఠ చేసిన బిషప్. చక్రవర్తికి లేని పేరు బిషప్‌కి ఉంది. థియోడోరా ఎలుగుబంట్లని ఆడించేవాడి కూతురు, నాటకాల్లో వేషాలు వేసిన మనిషి, సామ్రాజ్ఞి అయింది. ఈ చర్చి ప్రతిష్ఠ జరిగిన మరుసటి ఏడే, 548లో చనిపోయింది. ఆవిడ ఊదారంగు వస్త్రం కింది అంచు దగ్గర చూడండి, బంగారు ఎంబ్రాయిడరీలో ముగ్గురు చిన్న మనుషులు కానుకలు పట్టుకుని పరుగెడుతున్నారు, తూర్పు దేశపు జ్ఞానులు. నాకు పోయినసారి అది కనిపించనే లేదు. అమ్మ చీర అంచు చూసే అలవాటుతో ముందు కిందికే చూసింది, "ఇదిగో జ్ఞానులు, అంచులో నేయించుకుంది" అంది.

అక్కడే ఆవరణలో ఇంకో చిన్న ఇటుక కట్టడం ఉంది, గాలా ప్లాచీదియా సమాధి అంటారు. శిలువ ఆకారంలో ఉంటుంది, మన ఊళ్ళో రెండు గదుల ఇల్లంత. దీనికి టైము ముందే బుక్ చేసుకోవాలి, లోపల ఐదు నిమిషాలే. ఆవిడ కథ వింటే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. థియోడోసియస్ చక్రవర్తి కూతురు, 410లో రోమ్‌ని దోచుకున్న గోతులు ఎత్తుకుపోయారు, వాళ్ళ రాజునే 414లో పెళ్ళి చేసుకుంది, అతను హత్యకి గురయ్యాక వెనక్కొచ్చి మళ్ళీ పెళ్ళి, కొడుకు పసివాడుగా చక్రవర్తి అయితే ఏళ్ళ తరబడి తనే రాజ్యం నడిపింది. 450లో రోమ్‌లో చనిపోయింది, కాబట్టి ఇక్కడ ఉన్నది ఆవిడ పేరే.

లోపలికి వెళ్ళగానే ఏమీ కనపడదు. కిటికీలకి గాజు బదులు పల్చటి పాలరాతి పలకలు, అలబాస్టర్ అంటారు, వాటిలోంచి తేనె రంగు వెలుగు వస్తుంది. కళ్ళు అలవాటు పడటానికే రెండు నిమిషాలు పోతాయి, అందుకని వెళ్ళేముందు నీడలో కాసేపు నిలబడండి, ఎండలోంచి నేరుగా వెళ్ళొద్దు. ఆ తర్వాత నీలం మెల్లగా పైకి తేలుతుంది, రాత్రి మేడ మీద పడుకుంటే కనపడే ఆకాశం నీలం, దాన్నిండా బంగారు నక్షత్రాలు, మధ్యలో శిలువ. తలుపు పైన గొర్రెల మధ్య కూర్చున్న మంచి కాపరి, గడ్డం లేని కుర్రవాడు, ఒక చేత్తో బంగారు శిలువ పట్టుకుని రెండో చేత్తో ఒక గొర్రె మూతిని నిమురుతున్నాడు. ఎదురుగా ఒక చిన్న బీరువా బొమ్మ, తలుపులు తెరిచి, అరల్లో నాలుగు పుస్తకాలు, వాటిమీద మార్కు, లూకా, మత్తయి, యోహాను పేర్లు. అమ్మ అద్దాలు పెట్టుకుని ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివింది. పక్క గూట్లో రెండు దుప్పులు, నీళ్ళ మీదికి మూతులు వంచి. "నలభై రెండో కీర్తన" అంది అమ్మ, అంతే అంది. దుప్పి నీటివాగుల కోసం ఆశపడినట్టు అని మొదలవుతుంది అది, మా తాతయ్య పోయినప్పుడు సమాధి దగ్గర అయ్యగారు చదివింది ఆ కీర్తనే.

ఐదు నిమిషాలు అయిపోయాయి. మా వెనక ఎవరూ లేకపోవడంతో తలుపు దగ్గరున్న ఆవిడ అమ్మ మొహం చూసి ఇంకాసేపు ఉండమని సైగ చేసింది.

మధ్యాహ్నం పియాదీనా తిన్నాం, మన జొన్నరొట్టె మందంలో గోధుమరొట్టె, మధ్యలో మెత్తటి జున్నులాంటి స్క్వాక్వెరోనె. అమ్మ సంచిలో కారప్పొడి ఉంది, ఇంక చెప్పేదేముంది. తర్వాత గదికి వెళ్ళి పడుకుంది. నేను ఇటలీ మహాకవి డాంటె సమాధి దాకా నడిచి వచ్చాను, 1321లో ఈ ఊళ్ళోనే చనిపోయాడు, అతన్ని తరిమేసిన సొంతూరు ఫ్లోరెన్స్ తర్వాత ఎముకలు అడిగితే రవెన్నా ఇవ్వలేదు, ఇప్పటికీ అక్కడి దీపానికి నూనె ఏటా ఫ్లోరెన్స్ నుంచే వస్తుంది.

మూడో రోజు

పొద్దున ఒక మొజాయిక్ పని చేసే చిన్న కార్ఖానాకి వెళ్ళాం. ఈ ఊళ్ళో అలాంటివి ఇంకా ఉన్నాయి, గంటో రెండు గంటలో కూర్చోబెట్టి చూపిస్తారు. ఒక చెక్క దుంగలో దిగ్గొట్టిన ఉలి, అంచు పైకి ఉంటుంది, గాజు పలకని దాని మీద పెట్టి రెండు వైపులా పదునున్న సుత్తితో ఒక్క దెబ్బ, అంతే, ముక్క విరుగుతుంది. బంగారు ముక్క ఎలా చేస్తారో అక్కడే చూశాను. మందపాటి గాజు మీద ఊదితే ఎగిరిపోయేంత పల్చటి బంగారు రేకు, దాని మీద మళ్ళీ పల్చటి గాజు పొర వేసి కాలుస్తారు, బంగారం రెండు గాజుల మధ్య ఇరుక్కుని ఉంటుంది కాబట్టి గాలీ తేమా తగలదు, అందుకే ఇన్ని వందల ఏళ్ళయినా మాసిపోలేదు.

పని నేర్పిన ఆయన తడి సున్నం మీద ముక్కలు అద్దుతుంటే అమ్మ, "అన్నీ ఒక మట్టంలో లేవేంటి, మన తాపీ మేస్త్రీ అయితే మట్టపలక వేసి సరిచేస్తాడు" అని నాతో చెప్పింది. నేను ఆయనకి ఇటాలియన్‌లో చెప్పాను. ఆయన నవ్వి దీపం ఆపి, కిటికీ తలుపు కొంచెం తీశాడు. ఒక్కో ముక్క ఒక్కో వైపు వాలి ఉంది, ఒకటి మెరిస్తే పక్కది నల్లబడింది, మేం తల కదిపితే ఆ మెరుపు కూడా కదిలింది. కావాలనే వంకరగా పెడతారు. చదునుగా పెడితే అద్దంలా ఒక్కసారి మెరిసి ఆగిపోతుంది, వాల్చి పెడితే చూసే మనిషి నడుస్తున్నంతసేపూ గోడ బతికి ఉంటుంది. నా మూడు వందల ఫొటోల్లో ఏమీ ఎందుకు మిగల్లేదో నాకు అక్కడ తెలిసింది. ఫొటోలో మనిషీ కదలడు, వెలుగూ కదలదు.

అక్కణ్ణుంచి సాంత్ అపొల్లినారె నువోవో. ఇది గోతుల రాజు థియోడొరిక్ తన కోట పక్కన కట్టించుకున్న చర్చి. పొడుగాటి హాలు, రెండు వైపులా స్తంభాల పైన బారులు, ఎడమ వైపు 22 మంది కన్యలు, కుడి వైపు 26 మంది హతసాక్షులు, అందరి చేతుల్లో కిరీటాలు, ఒకరి వెనక ఒకరు బలిపీఠం వైపు నడుస్తున్నారు. కన్యల ముందు ఎర్ర టోపీలు పెట్టుకుని జ్ఞానులు ముగ్గురు, నడుం వంచి కానుకలతో. అంతా ఒకేలా ఉన్నారనిపిస్తుంది, దగ్గరికి చూస్తే ఒక్కొక్కరి తల ఒక్కో వైపు తిరిగి ఉంటుంది. బాగా పైన యేసు జీవితం, చిన్న పెట్టెల్లో. మా దగ్గర చిన్న బైనాక్యులర్స్ ఉన్నాయి కాబట్టి సరిపోయింది, మీరూ తప్పకుండా పట్టుకెళ్ళండి. కడరాత్రి భోజనం బొమ్మలో బల్ల చుట్టూ అందరూ ఒత్తిగిలి పడుకుని ఉన్నారు, బల్ల మీద పళ్ళెంలో పెద్ద చేపలు రెండు. అమ్మ బైనాక్యులర్స్ దించకుండా, "చేపలు పెట్టారే" అని మెల్లగా అంది. పేతురు దగ్గర స్తంభం మీద కోడిపుంజు కూడా ఉంది.

ఈ చర్చిలో నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేరే. కుడి వైపు మొదట్లో, గుమ్మానికి దగ్గరగా, థియోడొరిక్ కోట బొమ్మ ఉంది. స్తంభాల మధ్య తెల్లటి తెరలు ముడివేసి వేలాడుతున్నాయి. ఆ స్తంభాల్ని జాగ్రత్తగా చూడండి. వాటి మీద చేతులున్నాయి. మనుషులు లేరు, చేతులు మాత్రం ఉన్నాయి. ఒక స్తంభానికి అడ్డంగా వేళ్ళు, ఇంకో దానిమీద మోచేతి దాకా. గోతులు ఏరియన్లు, అంటే కుమారుడైన యేసు తండ్రి దేవుడితో సమానం కాదని నమ్మేవాళ్ళు, ఆ మాట మీదే 325లో నైసియాలో సభ జరిగింది, సమానమేనని విశ్వాస ప్రమాణం రాసింది అక్కడే. కాన్‌స్టాంటినోపుల్ పాలన వచ్చాక, బిషప్ అగ్నెల్లుస్ కాలంలో, ఈ చర్చిని ఏరియన్ల నుంచి తీసుకుని ఆ బొమ్మల్లో ఉన్న రాజపరివారాన్ని చెక్కేసి, ఆ జాగాలో తెరలు, బంగారం నింపారు. స్తంభం మీద పడ్డ చేతుల్ని తియ్యాలంటే స్తంభాన్ని కూడా పగలగొట్టి మళ్ళీ చెయ్యాలి, అవి అలాగే వదిలేశారు.

నేను ఇది చెప్తుంటే అమ్మ చాలాసేపు ఆ చేతినే చూసింది. "బల్ల ఆరాధన రోజు మనం లేచి నిలబడి చెప్పే విశ్వాస ప్రమాణం ఇదే కదా" అంది. అవునన్నాను. "దానికోసం ఇంత చేశారా" అంది. కోపంగా అన్లేదు. ఆ పూటంతా ఆ మాట నా మనసులో తిరిగింది. ఇన్నేళ్ళు నోటికి వచ్చినట్టు చెప్పే వాక్యానికి వెనక ఇలా గోడ మీద మిగిలిపోయిన ఒక మనిషి చెయ్యి ఉందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

రెండు బాప్తిస్మశాలలున్నాయి ఈ ఊళ్ళో, ఒకటి ఏరియన్లది, ఒకటి అవతలి పక్షం వాళ్ళది, అదే నెయోనియన్ అంటారు. రెండింటి కప్పు మీదా అదే బొమ్మ, యొర్దానులో మొలలోతు నీళ్ళలో యేసు, పక్కన యోహాను, చుట్టూ పన్నెండు మంది శిష్యులు. నీళ్ళు ఎంత పారదర్శకంగా చేశారంటే లోపలి ఒళ్ళు కనిపిస్తుంది, గాజుతో నీళ్ళు చెయ్యడం ఎలా సాధ్యమైందో నాకైతే అంతుపట్టలేదు. యొర్దాను నది కూడా ఒక ముసలాయనగా కూర్చుని ఉంటుంది, ఏరియన్ల దాంట్లో ఆయన నెత్తి మీద ఎండ్రకాయ డెక్కలు. బొమ్మ చూసి ఇది ఫలానా సిద్ధాంతం వాళ్ళది అని విడదీయడం నావల్ల కాలేదు, అమ్మ వల్లా కాలేదు. నెయోనియన్ కట్టడం భూమిలోకి దిగిపోతూ ఉండటంతో నేలని ఎత్తు పెంచుకుంటూ వచ్చారు, అసలు నేల మూడు మీటర్ల కింద ఉందట, అందుకే లోపల గోడ పొట్టిగా, కప్పు మీదికి వంగినట్టు దగ్గరగా ఉంటుంది. చిత్తడి నేల ఇంకా లాగుతూనే ఉంది.

సాయంత్రం మూసే ముందు, మళ్ళీ టికెట్ కొనుక్కుని సాన్ వితాలెకి వెళ్ళాం. ఇది డబ్బు దండగ అనుకోకండి. పొద్దున చూసిన గోడ కాదు అది. పొద్దున ఆకుపచ్చగా ఉన్న భాగం ఇప్పుడు గోధుమరంగులో ఉంది, జస్టీనియన్ మొహం నీడలోకి వెళ్ళి కళ్ళు మాత్రమే మిగిలాయి, ఎదురుగా థియోడోరా మెడలో ముత్యాలు ఒక్కొక్కటిగా వెలిగి ఆరుతున్నాయి. నేను నెమ్మదిగా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. బంగారం నాతోపాటు నడిచింది.

నాలుగో రోజు

రైలు సాయంత్రం, కాబట్టి పొద్దున బస్సెక్కి క్లాసె వెళ్ళాం, ఊరికి దక్షిణంగా పావుగంట పైన ప్రయాణం. అగస్టస్ కాలంలో రోమన్ నౌకాదళం ఉన్న రేవు ఇది, ఆ పేరుకి అర్థమే నౌకాదళం. ఇప్పుడు నీటిచుక్క లేదు. నదులు తెచ్చిన ఒండ్రుకి రేవు పూడిపోయి సముద్రం కొన్ని కిలోమీటర్లు వెనక్కి పోయింది, పొలాల మధ్య ఒంటరిగా ఈ సాంత్ అపొల్లినారె చర్చి, పక్కన గుండ్రటి గంటల గోపురం.

549లో దీన్నీ మాక్సిమియానే ప్రతిష్ఠ చేశాడు. లోపల పక్కగోడలు బోసిగా ఉంటాయి, వాటికున్న పాలరాయి పలకల్ని 15వ శతాబ్దంలో రిమినీ ప్రభువు మలతెస్తా ఊడదీసి పట్టుకుపోయాడు. కానీ ఆ బోసితనం మంచిదే అయిందేమో, చూపు ఎటూ చెదరకుండా సూటిగా చివరికి పోతుంది. అక్కడ అంతా పచ్చిక. మన వరిచేలు నాటిన నెల తర్వాత ఉండే పచ్చ. చెట్లు, రాళ్ళు, తెల్ల పూలు, పక్షులు, మధ్యలో ఈ ఊరి మొదటి బిషప్ అపొల్లినారిస్ చేతులు రెండూ ఎత్తి ప్రార్థనలో, ఆయనకి అటు ఆరు ఇటు ఆరు తెల్ల గొర్రెలు. పైన పెద్ద నీలి గుండ్రం, దాన్లో రత్నాల శిలువ, శిలువ మధ్యలో రూపాయి బిళ్ళంత కనిపించే యేసు ముఖం.

"ఇదేం కథో నాకు తెలియట్లేదే" అంది అమ్మ మొదటిసారిగా. పక్కన మేఘాల్లో ఇద్దరున్నారు, మోషే, ఏలీయా అని చెప్పాను. ఒక్క క్షణం ఆగి, "అయితే రూపాంతరం కొండ. మరి పేతురు, యాకోబు, యోహాను ఏరి?" అంది. కింద పచ్చిక అంచున పైకి చూస్తున్న మూడు గొర్రెలున్నాయి, వాటిని చూపించాను. శిష్యుల్ని గొర్రెలుగా చేశారు, యేసుని శిలువగా చేశారు, కొండ మీద ముగ్గురు శిష్యుల ఎదుట యేసు రూపం వెలుగుగా మారిన అంత పెద్ద సంగతిని మనిషి బొమ్మ దాదాపు లేకుండా చెప్పారు.

అమ్మ ముందు బెంచీ మీద కూర్చుని బైనాక్యులర్స్‌తో నీలి గుండ్రంలో నక్షత్రాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను పుస్తకంలో చూసి, తొంభై తొమ్మిది అని చెప్పాను.

"తొంభై తొమ్మిదా?" అని బైనాక్యులర్స్ దించింది. "తప్పిపోయిన గొర్రె కథలో మందలో మిగిలిన గొర్రెలు కూడా అన్నే కదే."

చేసినవాళ్ళు ఆ లెక్క మనసులో పెట్టుకునే చేశారని నేను అనను. కానీ ఆవిడ అన్నాక నాకు ఆ ఆకాశం ఇంకోలా కనపడటం మొదలైంది. కిటికీలోంచి ఎండ గోడ మీదికి మెల్లగా జరుగుతోంది, పచ్చిక ఒక పక్క నుంచి వెలుగుతూ వస్తోంది.

"అమ్మా, బస్సు టైమైంది" అన్నాను.

"ఇంకోటి వస్తుందిలే, ఆ వెలుగు ఆ చివరి గొర్రె దాకా పోనీ" అంది.

పక్కన కూర్చున్నాను.